సామి మాదిరి చూసుకున్న టేపు

తిరువళ్ళూరులో వీరరాఘవస్వామి గుడి వెనక సందులో, మందుల కొట్టు పైన మేడ మీద కేశవులు స్టూడియో ఉంది. అమావాస్య నాడు ఆ సందులో కాలు పెట్టే చోటుండదు. దర్శనానికి వచ్చే జనం, పూలమ్మేవాళ్ళ కేకలు గోడలు దాటి లోపలికి వస్తాయి కనుక ఆ రోజు కేశవులు మైకు బయటికి తీయడు. మిగతా రోజుల్లోనైనా ఇప్పుడు మైకు తీసే పని తక్కువే. పాడేవాళ్ళు ఇంట్లో కూర్చుని ఫోనులోనే పాడేసుకుంటున్నారు. అతని దగ్గరికి వచ్చేదంతా పాత సరుకు. పెళ్ళిళ్ళ వీడియోలు, హరికథల క్యాసెట్లు, ఎవరో తాతగారి ఉపన్యాసాలు. వాటిని కంప్యూటరులోకి ఎక్కించి ఇస్తాడు. దానితోనే ఇల్లు గడుస్తోంది.

గదిలో ఓ మూల, పాత పంచె కప్పిన నల్లటి మిషను ఒకటుంది. దాన్ని డ్యాట్ అంటారు. అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దదైన క్యాసెట్టు అందులో పడుతుంది. ఒకప్పుడు స్టూడియోలన్నీ పాట పూర్తయ్యాక అసలు ప్రతిని దాని మీదే ఎక్కించేవి. లోపల చిన్న డ్రమ్ము ఒకటి గిర్రున తిరుగుతూ, దాన్ని ఒరుసుకుని పోయే టేపును చదువుతుంది. ఆ డ్రమ్ము పోతే మిషను పోయినట్టే. తయారు చేసేవాళ్ళు ఎప్పుడో మానుకున్నారు.

మామూలు క్యాసెట్టు ముసలిదైతే గరగరమంటుంది, పాట ఎక్కడో దూరంగా వినిపిస్తుంది, అయినా పాడే మనిషి తెలుస్తాడు. డ్యాట్ అట్లా కాదు. పలికితే నిన్న పాడినంత నిక్కచ్చిగా పలుకుతుంది. లేదంటే అసలు పలకదు. ఈ మిషను మీద ఇన్నేళ్ళు పనిచేసినా కేశవులుకు ఆ గుణం మాత్రం నచ్చలేదు. ముసలితనమంటూ లేని వస్తువును నమ్మడమెట్లా అనుకునేవాడు.

ఒక మంగళవారం పొద్దున తిరుత్తణి నుంచి ముగ్గురు వచ్చారు. ముందు రోజే ఫోను చేసి చెప్పారు. మెట్లెక్కడానికే చాలాసేపు పట్టింది వాళ్ళకు. ముందుగా నివేద అనే పిల్ల వచ్చింది. చెన్నైలో ఉద్యోగం, సెలవు పెట్టి వచ్చిందట. వెనక ఆమె తల్లి కన్యకాంబ, పట్టుగుడ్డ చుట్టిన స్టీలు డబ్బాను రెండు చేతులతో పొదివి పట్టుకుని. ఆమె వెనక తండ్రి ద్వారకనాథ్. తెల్ల పంచె, తెల్ల చొక్కా, మెడకు చంటిబిడ్డకు కట్టినట్టు కట్టిన నూలుగుడ్డ. ఊపిరి తీసినప్పుడల్లా ఆ గుడ్డ లోపలికి పోయి, వదిలినప్పుడు బయటికి వస్తోంది.

“అన్నా, తిరుత్తణిలో చీరల అంగడి మాది. మీకు గుర్తుండదేమో,” అంది కన్యకాంబ.

“గుర్తుండాది లేమ్మా. కొండ మెట్ల పాటల గుంపు కదా. శెట్టిగారు ముందర పాడితే ఎనకాల అందరూ అందుకుంటారు. ఒక్క దినంలోనే రికార్డింగు ముగించేసినాము,” అన్నాడు కేశవులు. అప్పుడీ స్టూడియో దామోదరన్ అనే ఆయనది. పొదటూరుపేటలో మగ్గం వదిలేసి వచ్చిన కేశవులు ఆయన కింద పనిచేసేవాడు. దామోదరన్ పోయాక స్టూడియో ఇతని మీద పడింది.

“ఎట్ల ఉండారు శెట్టిగారూ?” అనేశాడు అలవాటుగా. అన్నాక నాలుక కరుచుకున్నాడు.

ద్వారకనాథ్ కుడిచేతిని కొంచెం పైకెత్తి దించాడు. ఉన్నానని చెప్పినట్టూ ఉంది, అడగొద్దని చెప్పినట్టూ ఉంది.

“గొంతులో క్యాన్సర్ మామా,” అంది నివేద. “ఆపరేషన్ చేసి మొత్తం తీసేసినారు. ప్రాణానికి భయం లేదన్నారు. వక్కాకు లేదు, పొగ లేదు, ఏ అలవాటూ లేని మనిషి. ఎందుకొచ్చిందని అడిగితే డాక్టరుకే తెలీదు.”

“సామికి పాడిన గొంతన్నా అది,” అంది కన్యకాంబ. “ఇంగొకటి పాడి ఎరగడు. పెండ్లయిన కొత్తలో సినిమా పాటొకటి పాడమని అడిగినా. నవ్వి ఊరుకున్నాడు. అట్లాంటిది మరి...”

ఆ మాటను ఆమె పూర్తి చేయలేదు. కేశవులు కూడా పూర్తి చేయించలేదు. దేవుడి మీద కోపగించుకోవడానికి కూడా కొంత చనువుండాలి. ఆమెకు ఆ చనువు ఉన్నట్టు లేదు.

చాప మీద కూర్చున్నాక ఆమే మళ్ళీ మొదలుపెట్టింది. ఆపరేషన్ అయ్యాక మనిషి దేన్నీ పట్టించుకోవడం లేదట. రాసి చూపించమని పలక కొనిస్తే దాన్ని తిరగేసి పెట్టాడట. అంగడికి రాడు. అన్నం ముందు కూర్చుంటాడు, కాసేపుండి లేస్తాడు.

“ఒక్కసారి ఆయన పాట ఆయనకి వినిపించాలన్నా. పోయిందనుకునేది యాడికీ పోలేదు, ఇదిగో ఉండాదని చూపించాల. అంతే నాకు కావలసింది.”

“నాకూ వినాల మామా,” అంది నివేద. “నాకు ఊహ తెలిసేటప్పటికే నాయన గొంతు జీర పోయింది. ఫోన్లో ఉండేదంతా ఆ గొంతే. పాడేటప్పటి గొంతు ఎట్లుంటుందో నాకు తెలీదు.”

“అప్పుడు మామూలు క్యాసెట్లు కూడా కొన్ని తీసిచ్చినాము కదా?”

“అవన్నీ ఇచ్చినవాళ్ళ ఇండ్లలోనే అరిగిపోయినాయి. మాకు మిగిలిందాన్ని ఎలుకలు కొట్టేసినాయి. ఇంగ ఇదొక్కటే,” అని కన్యకాంబ డబ్బా మూత తీసి, పట్టుగుడ్డ విప్పింది.

కేశవులు మొదట అది క్యాసెట్టని గుర్తుపట్టలేదు. ఎండిన గంధం పొరలు పొరలుగా కట్టి, మధ్యలో కుంకుమ బొట్టు నల్లబడి, మూలల్లో విభూతి పేరుకుని, అంతా పచ్చకర్పూరం వాసన. ఏ గుడి గూట్లోంచో తీసుకొచ్చిన చిన్న రాతి విగ్రహంలా ఉంది.

“దీన్ని యాడ పెట్టినారమ్మా?”

“పూజ గదిలో, సుబ్రహ్మణ్యస్వామి పటం కింద. ఇది చేతికిచ్చేటప్పుడు దామోదరన్ సారు ఏమన్నాడంటే, ‘సామి మాదిరి పాత్తుకోంగ శెట్టియార్’ అన్నాడంట, సామిని చూసుకున్నట్టు చూసుకోమని. ఈయన నాతో అదే చెప్పినాడు. అప్పట్నుంచి ఒక్క దినం తప్పకుండా అట్లే చూసుకున్నాము,” అంది. ఆ ముఖంలో గర్వం ఉంది.

కేశవులుకు దామోదరన్ గొంతు చెవిలో పలికింది. టేపు పట్టుకుపోయే ప్రతివాడికీ ఆయన ఆ మాట చెప్పేవాడు. ఎండలో పెట్టొద్దు, పిల్లలకు ఇవ్వొద్దు, టీవీ మీద పెట్టొద్దు అని విడివిడిగా చెప్పే ఓపిక లేక అన్నిటినీ కలిపి ఆ ఒక్క మాటలో పెట్టేవాడు. లారీ డ్రైవరు లారీని, పిల్లనిచ్చిన మామ అల్లుణ్ణి సామి మాదిరి చూసుకుంటానని చెప్పే ఊళ్ళు ఇవి. విన్నవాళ్ళందరూ తలాడించి టేపును బీరువాలో పడేశారు. ద్వారకనాథ్ ఒక్కడే ఆ మాటను అన్నది అన్నట్టుగా తీసుకున్నాడు.

“నెలనెలా కృత్తిక నక్షత్రం నాడు దీనికి మర్యాదలు జరుగుతాయి మామా,” అంది నివేద. “ఆ డబ్బాకి పూసిన గంధంలో సగం నాకు పూసుంటే నేను కలెక్టర్ అయ్యుంటా.”

“నువ్వు ఊరుకోవే. దానికి తెలీదన్నా. పైన పూయడమే కాదు, ఈ పక్క చిన్న తలుపు మాదిరి ఉంటుంది చూడండి, అది తెరిచి లోపల ఉండే టేపుకి గంధం పెట్టి, విభూతి పూసేవాడు. డబ్బాకి పూస్తే ఏం లాభం, పాట ఉండేది లోపల కదా అనేవాడు.”

గోడ వైపు చూస్తూ కూర్చున్న ద్వారకనాథ్ ఆ మాటకు ఇటు తిరిగాడు. భార్య చేతిలోని క్యాసెట్టు తీసుకుని, అడుగున ఉన్న పలకను బొటనవేలితో వెనక్కి జరిపి, ముందున్న రేకు తలుపును సుతారంగా పైకి లేపి కేశవులుకు చూపించాడు. స్టూడియోల్లో ఏళ్ళ తరబడి పనిచేసినవాళ్ళు కూడా అంత మెత్తగా తెరవలేరు. లోపల టేపు నల్లగా మెరవాలి. అక్కడ బూడిద రంగు గీత కనబడింది.

కేశవులు ఆ గీతను వేలితో తాకబోయి ఆగాడు. “మిషన్లో పెట్టక ముందు విప్పి చూడాలమ్మా. ఊరికే పెట్టేసేది కాదు ఇది,” అన్నాడు.

బల్ల మీద తెల్ల కాగితం పరిచి, గంధాన్ని తడిగుడ్డతో తుడిచి, వెనక ఉన్న సన్న మరలు విప్పాడు. పై సగం ఎత్తగానే లోపలి నుంచి విభూతి జలజల రాలింది. చిన్న పెట్టెలో అంత పట్టడం ఆశ్చర్యమే. కన్యకాంబ చేయి దానంతట అది ముందుకొచ్చింది. కాగితం మీది విభూతిని వేలితో తాకి కళ్ళకద్దుకుంది. దాన్ని చెత్తబుట్టలో దులపడానికి కేశవులుకూ మనసు రాలేదు. అతనూ పొద్దున్నే విభూతి పెట్టుకుని వచ్చినవాడే. కాగితాన్ని పొట్లంగా మడిచి మిక్సరు పక్కన పెట్టి, ఇంకో కాగితం పరిచాడు.

తరువాత పట్టకారుతో టేపు కొస పట్టుకుని మెల్లగా లాగాడు. అది రాలేదు. ఇంకొంచెం లాగాడు. వచ్చింది గానీ నల్లగా రాలేదు. అద్దంలా, ఉల్లిపొరలా, ఏమీ లేకుండా వచ్చింది. మీదున్న నలుపంతా కింది చుట్టుకే అంటుకుని ఉండిపోయింది. గంధం తడి, కర్పూరం మసి, విభూతి, మూడూ కలిసి పై చుట్లను ఒకటిగా అతికించేశాయి.

“ఏమయింది మామా?”

కేశవులు పట్టకారు కింద పెట్టాడు. మగ్గం దగ్గర చిన్నప్పుడు చూసినది గుర్తుకొచ్చింది. గంజి ఎక్కువై, దాని మీద వాన ముసురు పడితే పడుగు పోగులు ఒకదానికొకటి అంటుకుపోయేవి. విడదీయబోతే తెగేవి. విడదీయకపోతే నేత సాగదు. నాయన ఆ పడుగు ముందు నెత్తిన చేతులు పెట్టుకుని కూర్చునేవాడు.

“పై చుట్లు అంటుకుపోయినాయమ్మా. పాట ఉండేది ఈ నలుపులోనే. అది ఊడొస్తా ఉండాది. లోపలి చుట్లు బాగానే ఉండే మాదిరి కనిపిస్తా ఉండాది. మొదట పాడింది పైన ఉంటుంది, ఆఖర్న పాడింది లోపల ఉంటుంది.” అని ఆగి, తెలిసీ అడిగాడు. “మొదట ఎవరివి పాటలు?”

“ఈయనవే,” అంది కన్యకాంబ. “గుంపుకి పెద్ద కదా. పిళ్ళారి పాట ఒకటి, ఆ ఎనక కొండ పాట. అవి రెండూ అయినాకనే గుణ, మిగిలినవాళ్ళు.”

ద్వారకనాథ్ చాప మీద కొంచెం ముందుకు జరిగి కూర్చున్నాడు.

“అంటుకున్నా సరే, మిషన్లో పెట్టి చూడన్నా,” అంది కన్యకాంబ. “సామి చూసుకుంటాడు.”

“సామి మాదిరి చూసుకున్నందుకే కదమ్మా ఇట్లయింది,” అంది నివేద.

అని, నోటి మీద చేయి వేసుకుంది. తల్లిని అన్న మాట తండ్రికి తగిలిందని ఆ పిల్లకు అప్పుడు తెలిసింది. ద్వారకనాథ్ లేచి వచ్చి బల్ల ముందు నిలబడ్డాడు. ఊడి వచ్చిన ఆ ఒట్టి పొరను వేళ్ళతో ఎత్తి కిటికీ వెలుతురుకు పెట్టి చూశాడు. దాని గుండా కింద సందు, ఎదురు మేడ మీద ఆరేసిన బట్టలు, అన్నీ కనిపించి ఉంటాయి. ఆ తరువాత తన కుడిచేతి బొటనవేలినీ దాని పక్కనున్న రెండు వేళ్ళనూ చూసుకున్నాడు. విభూతి పూసే వేళ్ళవి. ఎవరూ ఆయనకు విడమరిచి చెప్పలేదు, చెప్పే అవసరం రాలేదు.

“నాయనా, నేను ఊరికే...” అంటూ నివేద లేచింది. ఆయన ఆమె తల మీద చేయి వేసి కూర్చోమన్నట్టు నొక్కాడు.

“దేవుడికి చేసింది యాడన్నా చెడుపవుతుందా అన్నా?” అని కన్యకాంబ కేశవులును అడిగింది. తిట్టడం లేదు, ఏడవడం లేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగింది. వీరరాఘవస్వామి గుడిలో ఉదయం సాయంత్రం కేశవులూ దండం పెడతాడు. తన దండాలు ఎక్కడ పడుతున్నాయో, దేన్ని బాగు చేస్తున్నాయో, దేన్ని చెరుపుతున్నాయో ఎప్పుడైనా చూశాడా? మిషను సంగతి చెప్పడమే నయమనుకున్నాడు.

“దీన్ని ఇట్లే పెడితే ఈ నలుపంతా రాలి డ్రమ్ముకి పడుతుందమ్మా. డ్రమ్ము పట్టుకుంటే టేపు మధ్యలో తెగుతుంది, మిషనూ పోతుంది. మిషను సంగతి వదిలేయండి, లోపల ఉండే మిగిలినవాళ్ళ పాటలు కూడా పోతాయి. ఇంగొక దారి ఉండాది. పాడయిన పై చుట్లను కత్తిరించి తీసేసి, మంచి టేపును కొత్త డబ్బాలోకి మార్చి ఆడించొచ్చు. అప్పుడు లోపలివి పలుకుతాయి.”

“ఈయనవి?”

“ఈయనవి ఉండవు.”

“ఆడిస్తే మటుకు? ఒక్క ముక్కయినా రాదా?”

“రాదని ఒట్టేసి చెప్పలేనమ్మా. రెండు మాటలు పలికినా పలకొచ్చు. నా అనుభవంలో పలకలేదు.”

“రెండు మాటలు చాలన్నా,” అంది కన్యకాంబ. “రెండే చాలు. పెట్టండి. మిషను పోతే కొత్తది కొనిస్తాము.”

“కొనడానికి లేదమ్మా అది.”

“అమ్మా, లోపల గుణ మామ పాట ఉంది,” అంది నివేద మెల్లగా. “దేవసేనత్త అడగలేదా పొద్దున?”

గుణ ఆ గుంపులో అందరికంటే చిన్నవాడు. కొండ కింద పూల అంగడి. పాట రికార్డయిన కొన్నాళ్ళకే అరక్కోణం దారిలో లారీ కింద పడ్డాడు. భార్య దేవసేన ఇప్పటికీ అక్కడే కూర్చుని పూలు కడుతుంది. కన్యకాంబ కొండెక్కేటప్పుడల్లా, ‘అక్కా, మీ ఇంట్లో మా ఆయన పాట ఉండాదంట కదా’ అని అడుగుతుంది. ఈ రోజు తిరువళ్ళూరు పోతున్నామని తెలిసి, స్టేషను దాకా వచ్చి చెండు ఇచ్చి పోయిందట. ఆ పూలు కన్యకాంబ తలలోనే ఉన్నాయి.

ద్వారకనాథ్ కేశవులు భుజం తట్టాడు. కుడిచేతి రెండు వేళ్ళను కత్తెరలా తెరిచి మూశాడు.

“వద్దు,” అంది కన్యకాంబ.

ఆయన మళ్ళీ చేశాడు.

“ఈ దినం మంగళారమండీ. కత్తెర పట్టకూడదు. రేపు వస్తాము. లేదంటే ఆదివారం. అన్నా, ఆదివారం ఉంటారు కదా మీరు?”

ఆమెకు దినం కావలసింది శాస్త్రానికి కాదు. అది అక్కడున్న అందరికీ తెలుసు. ద్వారకనాథ్ మెడ మీది గుడ్డ ఒక్కసారి బయటికి ఉబ్బింది. నవ్వాడేమో. భార్య దగ్గరికి వెళ్ళి ఎదురుగా గొంతుక్కూర్చుని, ఆమె రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని, చాలాసేపు ఆమె ముఖంలోకి చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపుతూనే ఉంది. ఊపి ఊపి ఆగింది. ఆయన లేచి వచ్చి, మూడోసారి వేళ్ళతో కత్తెర ఆడించి, బల్లకేసి చూపించాడు.

కేశవులు కత్తెర తీశాడు. ఎక్కడ మంచి టేపు మొదలవుతుందో వెతుక్కుంటూ ఒక్కో చుట్టూ విప్పాడు. కొంత ఒట్టి పొరగా వచ్చింది, కొంత ముద్దగా వచ్చింది. నలుపు సరిగ్గా మెరిసే చోటికి వచ్చాక ఇంకొంచెం ముందుకు పోయి కత్తిరించాడు. తెగిన చప్పుడు కూడా రాలేదు. పిళ్ళారి పాట, కొండ పాట, రెండూ కాగితం మీద చిక్కుపడిన వెంట్రుకల్లా పడ్డాయి. కన్యకాంబ ముఖం తిప్పుకుంది. ద్వారకనాథ్ తిప్పుకోలేదు.

మిగిలిన టేపును మెత్తటి గుడ్డతో తుడిచి, కొసను కొత్త క్యాసెట్టు తోకకు అతికించి, చక్రాలను వేలితో తిప్పి చుట్టేటప్పటికి మధ్యాహ్నమైంది. మిషను మీది పంచె తీసి, స్పిరిట్ అద్దిన గుడ్డతో డ్రమ్మును తుడిచి ఆరనిచ్చాడు. పలికింది పలికినట్టు కంప్యూటరులోకి ఎక్కేలా తీగలు కలిపాడు. రెండోసారి ఆడుతుందో లేదో ఎవరికి తెలుసు? అంతా అయ్యాక మిషను ముందు కళ్ళు మూసుకుని ఒక క్షణం నిలబడి, క్యాసెట్టు లోపలికి తోశాడు.

టేపు డ్రమ్ముకు చుట్టుకుంటున్న చప్పుడు. తప్పు చూపించే ఎర్ర దీపం ఆగి ఆగి వెలిగింది. కేశవులు వేలు ఆపే మీట మీదే ఉంది. దీపం ఇంకోసారి వెలిగి, ఆరిపోయింది.

హార్మోనియం పలికింది. దాని వెనక గుణ.

నిన్న పాడినట్టే ఉంది. గాలి పీల్చడం, పెదవులు తడుపుకోవడం కూడా వినిపించాయి. చచ్చిపోయిన కుర్రాడు ఎదురు చాప మీద కూర్చుని ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నాడు:

మెట్టు మెట్టున నీ పేరే
మెట్టు దాటితే నీ ఊరే

వెనక గుంపంతా అందుకుంది. నివేద ఫోను పైకెత్తి పట్టుకుంది, దేవసేనకు వినిపించడానికి. ద్వారకనాథ్ కళ్ళు మూసుకుని ఉన్నాడు. పెదవులు కదులుతున్నాయి. గుంపు పాడుతున్న చోట ఆయన పెదవులూ పాడుతున్నాయి, గుడ్డ మటుకు ఉబ్బుతూ తగ్గుతూ ఉంది.

రెండోసారి గుంపు అందుకున్నప్పుడు కన్యకాంబ ఉలిక్కిపడి కూతురు చేయి పట్టుకుంది.

“ఇదిగో. ఇది ఈయనే. ఆఖర్న ‘ఊరే’ అని సాగదీస్తా ఉండాడు చూడు, అది మీ నాయనే. వినవే. గుంపులో ఉండాడు. యాడికీ పోలేదు.”

నివేద చెవి స్పీకరుకు దగ్గరగా పెట్టింది. “అవునా అమ్మా? ఇంత సన్నగానా?”

“అప్పుడంతేనే ఆయన గొంతు. ఇంట్లో పాడుకునేటప్పుడు అట్లనే సాగదీస్తాడు.” అని కేశవులు వైపు తిరిగింది. “మీరు చెప్పండన్నా. మైకులు పెట్టింది మీరే కదా. ఇది ఈయనే కదా?”

కేశవులుకు ఆ రోజంతా కళ్ళకు కట్టింది. దీపావళి ముందు రోజులు. అంగడి నిండా జనం. తన రెండు పాటలూ కాగానే ద్వారకనాథ్ లేచి, ‘మీరు కానీయండప్పా, నేను పోయి గల్లా దగ్గర కూర్చుంటా’ అని రైలు పట్టుకోవడానికి వెళ్ళిపోయాడు. ఆయన ముందున్న మైకును తీసి మూల పెట్టింది కేశవులే. గుంపు పాడేటప్పుడు ఆయన ఈ గదిలోనే లేడు. కన్యకాంబ అప్పుడు పురిటికి మింజూరులో పుట్టింట్లో ఉందని ఆ రోజు మాటల్లో విన్నాడు. ఆమెకు తెలిసే దారి లేదు. ఆ సాగదీసే గొంతు ఎవరిదో, హార్మోనియం వాయించినాయనదో ఇంకొకరిదో, ఇప్పుడు చెప్పగలిగేవాళ్ళు లేరు.

అతను ద్వారకనాథ్ వైపు చూశాడు. ద్వారకనాథ్ కళ్ళు తెరిచి అతన్నే చూస్తున్నాడు. ఆయనకూ గుర్తుంది. ఇద్దరికీ గుర్తుందని ఇద్దరికీ తెలిసింది. మిక్సరు పక్కన విభూతి పొట్లం ఉంది. దేవుడికి తప్ప ఎవరికీ పాడని మనిషి, మాట తప్పని అంగడి మనిషి, ఏం చేస్తాడో కేశవులుకు తెలియలేదు. తానేం చెప్పాలో అంతకంటే తెలియలేదు.

ద్వారకనాథ్ కుడి అరచేతిని మెల్లగా పైకెత్తి తన గుండెల మీద ఆనించుకున్నాడు. భార్య వైపు చూసి తలూపాడు. నేనే, అన్నట్టు.

“అవునమ్మా,” అన్నాడు కేశవులు. “ఆయనే.”

కన్యకాంబ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గుణ పాట అయింది. ఇంకొకరి పాట మొదలైంది. మళ్ళీ గుంపు అందుకున్నప్పుడల్లా ఆమె, “ఇదిగో, ఇక్కడ కూడా,” అంటూ కూతురికి చూపిస్తోంది. నివేద తండ్రి వంక చూసి నవ్వుతూ కళ్ళు తుడుచుకుంటోంది. కేశవులు ఎర్ర దీపం మీద చూపు నిలుపుకుని కూర్చున్నాడు. టేపు అయిపోయేదాకా ద్వారకనాథ్ గుండెల మీది ఆ చేయి తియ్యలేదు.